కష్టాలు తెలిసిన గోడ

ఇరవై వేలతో వ్యాపారం మొదలుపెట్టాను. గది అద్దె మూడు వేలు. ఆ వీధిలో మామూలు రేటు తొమ్మిది. మిగతా ఆరూ దెయ్యం ఇచ్చిన తగ్గింపు.

నాకంటే ముందు ఆ గదిలో ఇద్దరున్నారు – ఒక టైలరు, తర్వాత వాచీలు బాగుచేసే ఆయన. ఇద్దరూ రాత్రికి రాత్రే పారిపోయారు.

"ఆ గోడ మాట్లాడుతుంది," అన్నాడు ఎదురుగా టీ కొట్టు ఆయన, గొంతు తగ్గించి. "నీ ఇంటి గుట్టు నీకే చెబుతుంది. పెళ్ళాం వెళ్ళిపోయిందని టైలరు ఎవరికీ చెప్పలేదు... గోడ చెప్పిందట. కత్తెర కూడా తీసుకోకుండా పరిగెత్తాడు."

"ఆరు వేలు మిగులుతుంటే దెయ్యంతోనైనా కబుర్లు చెబుతా బాబాయ్!" అని నవ్వేశాను.

నాది రొట్టెల పని. అర్ధరాత్రి పిండి కలిపితేగానీ ఆరింటికి సరుకు దుకాణాలకి చేరదు. ఆ వేళలో వీధి మొత్తానికి నాదొక్కటే లైటు. పలకరించే దిక్కుండదు. పిండి కలిపే మిషన్ మోతే నాకు తోడు.

రెండో నెలలో నాన్న ఊపిరితిత్తుల్లో మచ్చ ఉందన్నాడు డాక్టరు. నయమయ్యే అవకాశం నూటికి అరవై అన్నాడు. నాకొక్కడికే చెప్పాడు. ఆ రోజు నుంచి చర్చికి వెళ్ళలేదు. పడుకునే ముందు ప్రార్థనా మానేశాను. అరవై, నలభై అని తేల్చేశాక ఇంక దేవుణ్ణి ఏమని అడగాలి?

ఒక రాత్రి మిషన్ చెడిపోయింది. చేత్తోనే కలపడం మొదలుపెట్టాను. ఎంత నిశ్శబ్దమో అప్పుడు తెలిసింది. ఉండబట్టలేక పిండితోనే మాట్లాడాను. నాన్న సంగతి, అమ్మకి దాచిన సంగతి... గుద్దుతూ, తిడుతూ, ఏడుస్తూ అంతా కక్కేశాను.

ఆగాను.

గోడలోంచి గొణుగుడు...

"ఊపిరితిత్తుల్లో మచ్చ..."

ఒళ్ళు జల్లుమంది.

"వాళ్ళ అమ్మకి ఇంకా తెలీదు..."

ముసలి గొంతు. ఊపిరి అందని గొంతు. పిండి బస్తాల వెనక నుంచి... నేల దగ్గర నుంచి.

తలుపు నాలుగడుగులు. కానీ కలిపిన పిండి నూట ఇరవై రొట్టెలకి. వదిలేసి పోతే పారబోయడమే – దాంతో నా వ్యాపారం సరి.

ఒక బస్తా లాగాను. ఇంకొకటి...

గోడ అడుగున జానెడు కన్నం. పాత గాలిగొట్టం. అవతల మసక వెలుతురు.

"ఆ నలభై నీ చేతుల్లో పెడుతున్నా ప్రభువా. ఆ పిల్లాణ్ణి ఒంటరిగా వదలకు. ఆమేన్."

దెయ్యం ఆమేన్ అనదని మాత్రం నాకు తెలుసు.

"ఎ... ఎవరండీ?"

చిన్న దగ్గు.

"వెనక వీధిలో ఉంటా నాయనా. తుంటి విరిగి తొమ్మిదేళ్ళయింది... నా మంచం ఈ గోడ పక్కనే. ఇన్నాళ్ళూ మిషన్ మోతే వినపడేది. ఇవాళ నీ ప్రార్థన వినపడింది."

"అది ప్రార్థన కాదు మామ్మగారూ. పిండితో మాట్లాడుకున్నా."

"అంత ఏడ్చి చెప్పుకున్నది ప్రార్థన కాకపోతే ఇంకేంటి? మధ్యలో రెండు బూతులు తిట్టావు. అవి వదిలేసి మిగతాదానికి ఆమేన్ అన్నా."

నవ్వొచ్చింది. కళ్ళలో నీళ్ళు కూడా.

"టైలరూ ఇలాగే చెప్పుకునేవాడు," అందామె. "భార్య తిరిగి రావాలని నేనూ అతనితో పాటు అడిగాను. ఉన్నట్టుండి గొంతు ఆగిపోయింది. తర్వాత వాచీలాయనా అంతే. అందరూ సగంలో ఆపేస్తారేంటి నాయనా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"మీకెవరున్నారు మామ్మగారూ?"

"పొద్దున ఒకావిడ వచ్చి అన్నం పెట్టి పోతుంది. రాత్రికి... ఈ గోడ అవతల ఉండే మీరే."

పిండి పొంగడానికి గంట పడుతుంది. ఆ గంట ఇన్నాళ్ళూ నా లెక్కలో వృథా. తెల్లారాక అమ్మకి ఫోన్ చేసి చెప్పాలి. అది తర్వాత.

చేతులకి అంటిన పిండి తుడుచుకుని, కన్నం ముందు మోకరించాను.

"మామ్మగారూ, ఈసారి మీ కోసం నేను మొదలుపెడతా. ఎక్కడ నొప్పో చెప్పండి."