కాటా మలుపులో సగం మాట

ఓడరేవు నుంచి లోపలి ఊళ్లకు వెళ్లే పాత రోడ్డులో, పదిహేడో కిలోమీటరు దగ్గర ఒక మలుపుంది. సరిగ్గా రోడ్డు వంపు తిరిగే చోట, దాన్ని ఆనుకుని, ఒకప్పటి లారీల కాటా గది. కాటా ఎప్పుడో తీసేశారు. గది మిగిలింది. తలుపు లేదు, కిటికీకి చువ్వలున్నాయి.

పగలు చూస్తే అందులో దెయ్యం కాదు కదా, తొండ కూడా కాపురం పెట్టదు. రాత్రిపూట మాత్రం దాని పేరెత్తితే చాలు, డ్రైవర్లు మాట మార్చేస్తారు.

ఎందుకంటే... ఆ మలుపు తిరిగేటప్పుడు వాకీటాకీలో ఒక గొంతు వినిపిస్తుందట. ఒకటే మాట. "పోనీ..." అంటుందట. బండితో వచ్చిన వాళ్లలో ఎవరి గొంతూ కాదట. చచ్చినా డ్యూటీ మానని మనిషి అని నవ్వేవాళ్లున్నారు. అదీ టీకొట్టు దగ్గర, పట్టపగలు, నలుగురి మధ్య. పోనీ అని పిలిచి బండిని గోడ మీదికి రప్పిస్తుందని, దానికి ఇంకో ప్రాణం కావాలని చెప్పేవాళ్లే ఎక్కువ.

ఈ కథ ఆ మాటను రెండుసార్లు విన్న మనిషిది. రెండుసార్లూ ఆ మలుపులోనే.

ఆయన భారీ సరుకు లాగే బండికి డ్రైవరు. తోటివాళ్లు "నిదానం" అని పిలుస్తారు. బండి ఎక్కేముందు చక్రాలన్నీ ఒకటికి రెండుసార్లు తట్టి చూసే మనిషి మరి. తొంభై ఆరు చక్రాలు. మిగతావాళ్లు బీడీ కాల్చి, ఇంకోటి అంటించుకుని, అది కూడా పారేసేవాళ్లు, ఆయన ఇంకా డెబ్బయ్యో చక్రం దగ్గరే ఉండేవాడు.

ఓడల్లోంచి దిగే ఫ్యాక్టరీ సామాను ఉంటుందే, ఒక్కో ఉక్కు గొట్టం యాభై మీటర్ల పొడవు. వాటిని పగలు రోడ్డెక్కనివ్వరు. రాత్రి పన్నెండు నుంచి తెల్లవారుజాము ఐదు దాకానే పర్మిట్. మనిషి నడకతో సమానంగా కదులుతాయి. ముందు లాగే బండిలో డ్రైవరుంటాడు. వెనక చక్రాలను తిప్పడానికి వేరే మనిషి. వాడు చేతిలో మీటల పెట్టె పట్టుకుని సరుకు పక్కనే నడుస్తూ వస్తాడు. వాణ్ణి తోకమనిషి అంటారు.

మలుపులో తోక డ్రైవరుకు కనబడదు. తోకమనిషి వాకీటాకీలో చెప్పే మాటే కన్ను. ఏనుగు దూరి తోక చిక్కిందని సామెత చెప్పుకుంటాం కానీ, వీళ్లకది రోజూ చేసే పని.

మూడేళ్ల కిందట ఆయనకు తోకమనిషి సొంత బామ్మర్దే. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. వాడికేదైనా దారి చూపించమని ఆవిడే అడిగి పనిలో పెట్టించింది. వాడికి ఏదీ పట్టేది కాదు. టైరు పేలితే "పోనీలే బావా". టీ ఒలికితే "పోనీలే బావా". ఆఫీసరు నలుగురిలో తిట్టి వెళ్లాక కూడా, తల గోక్కుంటూ, "పోనీలే బావా". పని దగ్గర మాత్రం వాడి కన్ను వెంట్రుకవాసి తప్పేది కాదు.

ఆ రాత్రి... కాటా మలుపులో బండి సగం తిరిగి ఆగింది. టైము నాలుగున్నర. పర్మిట్ అయిపోవస్తోంది. వెనక ఆపిన లారీలన్నీ కలిసి హారన్లు. కాటా గది గోడకు, సరుకుకు మధ్య ఎంత సందుందో చూడటానికి బామ్మర్ది వెళ్లాడు. ఆయన స్టీరింగు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"పోనీ—"

టక్.

ఆయన పోనిచ్చాడు.

మన భాషలో ఒక చిక్కుంది. కాదనడం, వద్దనడం మాట చివర్లో ఉంటుంది. పోనీ అంటే కదలమని. పోనీకు అంటే కదలొద్దని. వాకీటాకీ మీట మీంచి వేలు క్షణం ముందు లేచిందంటే, ఆ "కు" గాలిలో కలిసిపోతుంది. ఆ తర్వాత కంపెనీవాళ్లు కాగితం అంటించారు. ఆపాలంటే "ఆపు" అనే అనాలి, వెళ్లాలంటే "కదులు" అనాలి, పోనీ అన్న మాట ఎవరి నోటా రాకూడదు. ఒక ప్రాణం పోయాక వచ్చిన తెలివి అది.

విచారణలో అడిగితే ఆయన, పోనీ అన్నాడు, పోనిచ్చాను అన్నాడు. అది నిజమే. తమ్ముణ్ణి కాటికి సాగనంపి వచ్చిన సాయంత్రం, వంటగది గడపలో కూర్చుని భార్య కూడా అడిగింది... చివరికి ఏమన్నాడు వాడు అని. పోనీ అన్నాడని చెప్పాడు. ఆవిడ లేచి పొయ్యి వెలిగించింది.

ఆ "టక్" సంగతి మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు. మాట పూర్తి కాకుండానే తెగిందని ఆ క్షణంలోనే ఆయనకు తెలుసు. అర నిమిషం ఆగి, ఏంటిరా, మళ్లీ చెప్పు అని ఉంటే... ఆగలేదు. నిదానం అని పేరు పెట్టించుకున్న మనిషి, జీవితంలో ఒక్కసారి తొందరపడ్డాడు.

అప్పట్నుంచీ ఆయనలో ఏదో చచ్చుబడిపోయింది. ఏడుపు రాలేదు. కంచంలో ఏది పెడితే అది తిన్నాడు. ఎవరేమన్నా సరే అన్నాడు. ఇంట్లో ఇద్దరు మనుషులు ఒకరికొకరు అడ్డు రాకుండా తిరిగారు. గోడ పక్కన నిలబడ్డవాడు పోనీ అని ఎందుకంటాడు? ఆ ప్రశ్న ఇద్దరి మధ్యా మూడో మనిషిలా కూర్చుంది. దాన్ని ఎవరూ పలకరించలేదు.

మూడేళ్లూ ఆయన కొత్త రోడ్డు బళ్లే తీసుకున్నాడు. మొన్నామధ్య కొత్త రోడ్డులో వంతెనకు పగులు వచ్చింది. భారీ బళ్లన్నీ పాత రోడ్డునే వెళ్లాలన్నారు. ఇష్టం లేకపోతే వేరేవాణ్ణి పంపిస్తానని మేనేజరు మొహమాటంగా అన్నాడు. ఆయన సరే, వెళ్తాను అన్నాడు. భయం వేస్తుందేమోనని కాసేపు లోపల వెతుక్కున్నాడు. అది కూడా లేదు.

సాయంత్రం క్యారేజీ కడుతూ భార్య అడిగింది.

"ఆ దారేనా?"

"ఆ దారే."

మూత గట్టిగా నొక్కి చేతికిచ్చింది.

ఆ రాత్రి తోకమనిషి కొత్తవాడు. నలభై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, మొన్నటిదాకా రేవులో క్రేను దగ్గర పనిచేశాడు. ఈయన్ని "అన్నా" అంటాడు. మలుపు సంగతి విన్నట్టున్నాడు, బయల్దేరే ముందు నవ్వబోయి, నవ్వు రాక, వాకీటాకీ సెట్టు పనిచేస్తోందా లేదా అని నాలుగుసార్లు చూసుకున్నాడు.

మూడింటికి మలుపు చేరారు. రోడ్డు మీద ఒక్క పురుగు లేదు. ముందున్న పైలట్ జీపు మలుపు దాటిపోయింది. దాని ఎర్రదీపం కూడా కనబడకుండా పోయింది.

ఆయన బండి తిప్పడం మొదలుపెట్టాడు. ఇంజను మూలుగుతోంది. హెడ్‌లైటు వెలుగు కాటా గది మీదుగా జారింది... ఖాళీ తలుపు సందు... చువ్వల నీడ... అంతే. మళ్లీ చీకటి.

సెట్టులో తోకమనిషి సందు కొలత చెబుతున్నాడు. "మూడడుగులు... కదులు... రెండున్నర... కదులు... రెండు..."

తర్వాత ఏమీ లేదు.

బుస్‌మని ఖాళీ చప్పుడు. ఆయన సెట్టు చెవికి దగ్గరగా పెట్టుకున్నాడు. కాలు ఇంకా యాక్సిలరేటర్ మీదే ఉంది. చక్రాలు అంగుళం అంగుళం కదులుతున్నాయి.

అప్పుడు వచ్చింది.

"పోనీ—"

టక్.

ఎవరి గొంతో ఆయన ఆలోచించలేదు. ఆలోచించాల్సిన అవసరం లేకపోయింది. మూడేళ్లుగా చెవిలో ఉన్నదే అది. కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్లింది. తొంభై ఆరు చక్రాలు కీచుమని ఆగాయి. తాళం తిప్పి ఇంజను కూడా ఆపేశాడు. మిగతా మాట వస్తుందేమోనని... చెప్పు, చెప్పు, ఈసారి ఆగాను అన్నట్టు... కూర్చున్నాడు.

సెట్టులో ఏమీ రాలేదు.

ఇంజను ఆగాక చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, ఎక్కడో చాలా వెనక నుంచి, మామూలు గాలిలో, మనిషి గొంతు చిన్నగా వినిపించింది.

"అన్నా... ఆపు... అన్నా..."

యాభై మీటర్లు. ఆయన వయసుకు అంత పరుగు ఎక్కువే. టార్చిలైటు వేసి చూస్తే... తోకమనిషి గోడకు అతుక్కుని నిలబడి ఉన్నాడు. సరుకును కట్టిన గొలుసు కొక్కేనికి అతని సేఫ్టీ జాకెట్టు తగులుకుంది. అతని ఛాతీకీ ఉక్కుకూ మధ్య జానెడు సందు. కదలడానికి లేదు, వంగడానికి లేదు.

ఆయన కత్తితో జాకెట్టు కోసి, చెయ్యి పట్టి బయటికి లాగాడు. అతను రోడ్డు మీద కూలబడ్డాడు. 

"సెట్టులో ఏమన్నావు?" ఆయన గొణిగాడు.

అతను ఏం అర్థం కానట్టు చూశాడు. చక్రం కిందికి చెయ్యి చూపించాడు. టార్చి అటు తిప్పితే... వాకీటాకీ. నాలుగు టన్నులు మోసే చక్రం కింద అప్పడంలా పడి ఉంది.

"కొక్కెం తగిలినప్పుడే జారిపోయిందన్నా. అరుస్తూనే ఉన్నా... ఇంజను చప్పుడులో నీకు వినపడలేదు." మెల్లగా అడిగాడు. "మరి... నువ్వెలా ఆపావు?"

ఆయన కాటా గది వైపు ఒకసారి చూశాడు. తలుపు సందులో చీకటి తప్ప ఏమీ లేదు. పైలట్ జీపులోవాణ్ణి పిలిచి తోక దగ్గర నిలబెట్టి, నిదానంగా, అడుగడుగునా ఆగుతూ, మలుపు దాటించాడు.

తెల్లారాక యార్డులో బండి అప్పజెప్పి, గేటు దగ్గర సెట్టులోంచి బ్యాటరీ తీసి ఇచ్చేశాడు. రూలు అది, బ్యాటరీలు యార్డువాళ్ల దగ్గర, సెట్టు ఎవరిది వాళ్ల దగ్గర. ఖాళీ సెట్టు క్యారేజీ సంచిలో వేసుకుని ఇంటికొచ్చాడు.

భార్య టీ గ్లాసు పెట్టింది. ఆయన సంచి బల్ల మీద పెట్టి, క్యారేజీ తీసి, సెట్టు తీసి పక్కన పెట్టాడు. గ్లాసు ముట్టుకోలేదు. జరిగింది మొదటినుంచీ చెప్పాడు, ఎవరికో జరిగినట్టు, గొంతు ఎక్కడా పెరగకుండా. ఆవిడ నిలబడే వింది.

"మళ్లీ పోనీ అనే వినపడిందా?" అంది.

"ఊఁ."

"మరెందుకు ఆపావు?"

"మిగతాది వస్తుందేమోనని."

ఆవిడ బల్ల అంచు పట్టుకుంది.

"అప్పుడు కూడా మిగతాది ఉంది," అన్నాడాయన. "మాట తెగింది. తెగిందని తెలిసీ పోనిచ్చాను. నీకు చెప్పలేదు."

 బయట ఎవరో సైకిలుకు గాలి కొట్టుకుంటున్న చప్పుడు. ఆవిడ కుర్చీ లాక్కుని, మూడేళ్ల తర్వాత, ఆయనకు ఎదురుగా కూర్చుంది.

"వాడు నా తమ్ముడు," అంది. "గోడ పక్కన నిలబడి పోనీ అనేంత తెలివితక్కువవాడు కాదు. ఆ రోజే తెలుసు నాకు. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నా."

అప్పుడు వచ్చింది ఆయనకు ఏడుపు. చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం కదిలాయి. చెయ్యి తగిలి గ్లాసు పడింది. టీ బల్లంతా పారి, అంచు మీంచి కారింది. ఇద్దరూ దాన్ని చూస్తూ ఉండిపోయారు. తుడవడానికి ఎవరూ లేవలేదు.

బల్ల మీది సెట్టు టక్‌మంది.

బ్యాటరీ పెట్టే చోటు ఖాళీగా, నోరు తెరుచుకుని ఉంది. ఆవిడకు వినిపించింది. ఆయనకూ వినిపించింది. తల గోక్కుంటున్నట్టు, కాస్త నవ్వుతున్నట్టు...

"...లే బావా."