చివరి పలక

తమిళనాడు రాజపాళయంలో తెన్‌కాశి రోడ్డులో ఒక కొట్టు ఉంది. దీపాలు పెట్టే వేళ దాటితే దాని తిన్నె మీద ఎవరూ కూర్చోరు. వాన ముంచెత్తినా సరే, తడుస్తూ పక్క సెల్‌ఫోన్ కొట్టు చూరు కిందికి పరుగెడతారు గానీ అక్కడ మాత్రం ఆగరు. ఎందుకని అడిగితే, "ఆ జవుళి కొట్టా... దాని మాట ఇప్పుడెందుకు లెండి" అని చల్లగా జారుకుంటారు.

ఎదురుగా పూలమ్మే అముదా కళ్లారా చూసింది కొంత. ఇప్పటి కొట్టు యజమాని జెగదీశ్ తన నోటితో తనే వాగింది కొంత. రెండూ కలిపితే కథ ఇది.

ముందు ఆ తలుపు సంగతి చెప్పాలి. అది షట్టరు కాదు, పాతకాలం టేకు పలకల తలుపు. గడప మీద ఒక గాడి, పైన దూలానికి ఒక గాడి. పొద్దున పలకలు ఒక్కొక్కటే ఊడదీసి గోడకు ఆనిస్తారు, సాయంత్రం మళ్లీ ఒక్కొక్కటే గాడిలోకి తోస్తారు. చివరి పలక పడ్డాక అడ్డంగా ఇనుప కడ్డీ, దానికి బీగం. ఈ పని ఒక్కడి వల్ల కాదు. ఒకడు బయట పలకలు తోస్తుంటే, ఇంకొకడు లోపల దీపాలార్పి చివరి సందులోంచి బయటికి రావాలి. వాడు వచ్చాడా లేదా అని కళ్లతో చూసుకున్నాకే చివరి పలక వెయ్యాలి.

కొట్టు అన్నదమ్ములది. అన్న రాజగోపాల రాజా, తమ్ముడు బాలుసామి రాజా. తమ్ముడికి కమలంతో కొత్తగా పెళ్లయింది. పెళ్లయినవాడు ఊరికే ఉంటాడా? నా సగం నాకు పంచివ్వమన్నాడు. అన్న సరే చూద్దాంలే అన్నాడు. ఆ మాటన్న కొన్నాళ్లకే సామి ఊరేగింపు వచ్చింది. వీధి నిండా మేళాలు, టపాసులు. అన్న బయట పలకలు తోస్తున్నాడు, తమ్ముడు లోపల దీపాలార్పుతున్నాడు...

చివరి పలక పడింది. బీగం కూడా పడింది.

లోపల దీపం ఎలా ఒరిగిందో ఏమో, దూది మూటలకు అంటుకుంది. దూది మండితే మంటకన్నా పొగే ఎక్కువ. ఆ పొగ సందుల్లోంచి జనం కంటబడి, తలుపు తీసేసరికి బాలుసామి చివరి పలకకు ఆనుకుని చచ్చిపోయి ఉన్నాడు.

"వాడు బయటికొచ్చేసినాడనుకుంటిని," అని గుండెలు బాదుకున్నాడు రాజగోపాల. "లోపల్నించి తట్టినాడేమో... మేళం సద్దులో నాకేమీ వినబళ్ళేదు."

పెద్దమనిషి మాట, ఊరు నమ్మింది. కొట్టంతా ఆయన చేతికే వచ్చింది. తమ్ముడి పెళ్లానికి వెనక సందులో చిన్న ఇల్లు పడేసి ధర్మాత్ముడనిపించుకున్నాడు. కొట్టు మాత్రం కలిసిరాలేదు. చీకటి పడగానే లోపల్నించి తట్టుడు... నిదానంగా మొదలై, పోను పోను గట్టిగా. బాడుగకు దిగినవాళ్లు సామాను కూడా సర్దుకోకుండా పారిపోయారు.

రాజగోపాల పోయాడు, ఆయన కొడుకూ పోయాడు. ఇప్పుడు కొట్టు మనవడు జెగదీశ్‌ది. తెల్ల చొక్కా, వేలికో ఉంగరం, చొక్కాకన్నా రెండడుగులు ముందు నడిచే పొట్ట. మదురై పార్టీ ఒకరు కొట్టున్న మేడ కొని పడగొట్టి షోరూము కడతామన్నారు. తీరా చూస్తే పత్రం ఇంకా ముత్తాత పేరు మీదే ఉంది. బాలుసామి సగానికి హక్కుదారు కమలం. ఆమె సంతకం లేకుండా అమ్మడానికి లేదు.

ఎనభై దాటిన కమలం ముందు జెగదీశ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "చిన్నవ్వా, ఒక్క సంతకం పెట్టు. నిన్ను నేను బాగా చూసుకుంటా."

"పెడతా నాయనా. నాకు కొట్టూ వద్దు, సగమూ వద్దు. ఒక్క మాట చెప్పు. ఆ దినం ఆయన లోపల తట్టింది మీ తాతకు వినబడిందా, లేదా?"

"మేళం సద్దులో వినబళ్ళేదని తాత చెప్పినాడు కదా."

"మీ తాత చెప్పింది నేను బతుకంతా విన్నా. నీకు తెలిసింది చెప్పు."

జెగదీశ్ చూపు పక్కకు తిప్పాడు. వాడికి తెలుసు కాబట్టి. ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో తాత వాడి మణికట్టు పట్టుకుని గొణిగాడు... "వినబడిందిరా. పలకకు ఇవతల నేనే నిలబడుంటిని. అన్నా, అన్నా అని పిలిచినాడు. నేను బీగం వేసి, మేళం వెంట నడిచి పోతిని."

ఈ మాట బయటపడితే తాత పేరు పెట్టిన కల్యాణ మండపంలో ఇంకెవరు పెళ్లి చేస్తారు? కమలం తరఫువాళ్లు కోర్టుకెక్కితే కొట్టు దక్కుతుందా? జెగదీశ్ నోరు కుట్టేసుకున్నాడు.

"అయితే సంతకం లేదు. పో," అంది కమలం.

పోయాడు, కానీ ఆశ పోలేదు. మేడ అమ్మడానికి సంతకం కావాలి గానీ పలకలు అమ్ముకోవడానికి ఎందుకు? కారైక్కుడిలో పాత తలుపులు కొనే ముత్తురాజ్‌కు ఫోన్ చేసి, పొద్దున్నే వచ్చి చూసుకోమన్నాడు. ఫోన్ పెట్టాక గుర్తొచ్చింది... చివరి పలక లోపలి వైపు.

బాలుసామి ఇనుప గజంబద్దతో బాదిన గుంటలు అక్కడున్నాయి. తాత వాటి మీద దట్టంగా తారు పూయించాడు, ఇప్పుడది పెచ్చులూడిపోయింది. అంతంత లోతు గుంటలు చూసినవాడెవడైనా, ఇవతల నిలబడ్డ మనిషికి వినబడలేదంటే నమ్ముతాడా? తెల్లారేలోగా వాటిని చెక్కేయాలి.

అలా ఉలి, చెక్క నునుపు చేసే ఉప్పుకాగితం సంచిలో వేసుకుని, దీపాలు పెట్టే వేళకు వచ్చాడు.

"ఏం సార్, ఈ వేళలోనా?" అని ఎదురుగా మల్లెలు కడుతున్న అముదా కేకేసింది.

"సుమ్మా, ఊరికే పలకలు చూసి పోదామని!"

బీగం తీసి, తాళంచెవి దానికే వదిలి, కడ్డీతో పాటు తిన్నె మీద పెట్టాడు. మూడు పలకలు ఊడదీశాడు. రెంటిని బయట గోడకు ఆనించి, చివరిదాన్ని లోపలికి మోసుకెళ్లి బోర్లించాడు. కరెంటు ఎప్పుడో కోసేశారు. ఫోను లైటు వేసుకుని, చతికిలబడి చెక్కడం మొదలుపెట్టాడు. బయట షేర్ ఆటోల హారన్లు, బస్సుల రొద. అంత సందడిలో భయమెందుకు? పైగా ఏదో సినిమా పాట కూడా కూనిరాగం తీశాడు.

ఒక గుంట చదునైంది. రెండోదాని మీద ఉలి పెట్టాడు...

టక్.

వెనక వెలుగు తగ్గింది. తిరిగి చూస్తే ఒక పలక గాడిలో నిలబడి ఉంది.

"ఎవుర్రా అది? ఆటలా?"

రెండో పలక సర్రున జారింది. టక్. ఇక మిగిలింది ఒక్క పలక సందు. జెగదీశ్ లేచి ఒక్క ఉరుకున వెళ్లి దూరబోయాడు. చెయ్యి వెళ్లింది, భుజం వెళ్లింది... పొట్ట వెళ్లలేదు. పెళ్లి విందులన్నీ అప్పుడు అడ్డొచ్చాయి.

"అముదా! ఇక్కడ చూడు! అముదా!"

ఆమె తల వంచుకుని పూలు కడుతూనే ఉంది. బయట ఎవరో వాడి అరచెయ్యి పట్టుకుని, నెమ్మదిగా, మర్యాదగా లోపలికి నెట్టారు. ఆ చెయ్యి బాగా చల్లగా ఉంది.

వాడు వెనక్కి తూలి నేల తడిమాడు. బోర్లించిన పలక... అక్కడ లేదు.

టక్. చివరి పలక పడింది. కడ్డీ పడింది. బీగం నొక్కుకున్న చప్పుడు కూడా స్పష్టంగా వినిపించింది.

అప్పుడు మేళం మొదలైంది. దూరంగా, తర్వాత దగ్గరగా... నాదస్వరం, డోలు, టపాసులు. దానితో పాటే వాసన, దూది కమురుతున్న వాసన. ఫోను లైటు ముందు పొగ సుడులు తిరుగుతోంది. జెగదీశ్‌కు దగ్గు ముంచుకొచ్చింది. ఉలితో, పిడికిళ్లతో, తలతో కూడా ఆ పలకను బాదాడు.

"తలుపు తీయండి! చచ్చిపోతున్నా! ఎవురైనా తీయండి!"

పలకకు అవతల ఎవరో నిలబడి ఉన్నారు. తాళాల గుత్తి గలగల వినిపించింది. తర్వాత ఒక దగ్గు. రెండుసార్లు పొడిగా దగ్గి, గొంతు సవరించుకునే ఆ దగ్గు వాడు చిన్నప్పటి నుంచీ ఎరుగును.

"తాతా? తాతా, నేను! జెగదీశ్‌ను! తియ్యి తాతా!"

అవతల ఊపిరి ఆగింది. ఆ మనిషి చెవి పలకకు ఆనించి వింటున్నాడు. ఆ సంగతి వాడికి ఒళ్లంతా తెలిసింది. మధ్యలో ఉన్నది అంగుళం మందం చెక్క. అంతే.

తర్వాత పలక సందులోంచి గుసగుస వచ్చింది...

"మేళం సద్దు... నాకేమీ వినబళ్ళేదు."

చెప్పుల చప్పుడు తిన్నె దిగింది. మేళం వెంట నింపాదిగా నడిచిపోతోంది.

"వినబడింది! నీకు వినబడింది తాతా!" జెగదీశ్ గొంతు చీలిపోయేలా అరిచాడు. "నాకు చెప్పినావు కదా! అన్నా అన్నా అని పిలిచినాడని చెప్పినావు కదా! వినీ బీగం వేసినావు!"

అదే వేళకు రోడ్డుకు ఎదుటివైపు, మొగుడి పటానికి అముదా దగ్గర మూర పూలు కొనుక్కోవడానికి వచ్చిన కమలం తల ఎత్తింది.

"ఎవురో తట్టుతుండారు."

"నాకేం వినబళ్ళేదే అవ్వా. హారన్లు," అంది అముదా. ఎదుటి పలకలన్నీ వేసి ఉండేసరికి జెగదీశ్ వెళ్లిపోయాడనే అనుకుంది ఆమె.

కమలం వినిపించుకోలేదు. చెయ్యెత్తి ఒక షేర్ ఆటోను ఆపి, రోడ్డు దాటేసింది. అముదా పూలబుట్ట వదిలి వెంట పరుగెత్తింది. తాళంచెవి బీగానికే వేలాడుతోంది. అముదా దాన్ని తిప్పి, కడ్డీ లాగి, చివరి పలక ఊడదీసింది. పక్క పలక కూడా లాగేసరికి జెగదీశ్ తిన్నె మీద బోర్లా పడ్డాడు. లోపల పొగ లేదు, వాసనా లేదు. వాడి పిడికిళ్ల నుంచి మాత్రం రక్తం కారుతోంది.

"ఊరేగింపు... పోయిందా?" అన్నాడు రొప్పుతూ.

"ఏ ఊరేగింపు సార్? ఈ దినం మేళమే లేదే."

జనం మూగారు. కమలం వాడి ముందు నిలబడింది. ఏడవలేదు, తిట్టనూ లేదు.

"లోపల ఏందో అరిచినావు. ఇంకొకసారి చెప్పు. బజారంతా వినేటట్టు."

జెగదీశ్ చెప్పాడు. ఆసుపత్రి మంచం మీద తాత అన్నది అన్నట్టు, ఒక్క ముక్క మింగకుండా చెప్పాడు. నగల కొట్టువాళ్లు, ఆటోవాళ్లు, బస్సు కోసం ఆగినవాళ్లు అందరూ విన్నారు. ఎవరో ఛీ అన్నారు. వయసులో పెద్దవాళ్లు కొందరు తలలు దించుకున్నారు.

కమలం గడప దగ్గరికి వెళ్లి చీకట్లోకి చూసింది. ఆమె గొంతు కొత్త పెళ్లికూతురి గొంతంత మెత్తగా అయిపోయింది. "విన్నారు కదా... ఇంక రండి. ఇంటికి పోదాం."

లోపల్నించి చల్లటి గాలి ఒకటి ఆమె కొంగు కదిపి బయటికి వచ్చింది. ఎవరో దాటిపోతున్నట్టు అముదా తనకు తెలియకుండానే పక్కకు జరిగింది. కమలం కళ్లు అప్పుడు తడిశాయి. కాసేపటికి తుడుచుకుని జెగదీశ్ వైపు తిరిగింది.

"లే. పలకలు వెయ్యి."

వాడు లేచాడు. ఒక పలక తోశాడు. చివరిదాన్ని ఎత్తి గాడిలో పెట్టి, సగం దాకా తోశాడు...

లోపల ఎవరో దగ్గారు. రెండుసార్లు, పొడిగా. తాళాల గుత్తి గలగలమంది. చీకట్లో చెప్పుల చప్పుడు తడబడుతూ, గోడలకు తగులుతూ తలుపు వైపు వచ్చింది. తర్వాత చెక్క మీద తట్టుడు. మొదట మెల్లగా, ఆ తర్వాత గట్టిగా.

"జెగదీశా... నేను లోపలుండాను రా... జెగదీశా!"

వాడి చేతులు పలక మీదే బిగుసుకుపోయాయి. కమలం కదలకుండా వాడి మొహంలోకే చూస్తోంది.

"ఏమైనా వినబడిందా నాయనా?"

అబద్ధం చెప్పడానికి వాడికి నోరు రాలేదు.

"వినబడింది చిన్నవ్వా."

"నాకూ బాగా వినబడింది," అంది కమలం. "బీగం వెయ్యి."