శాంతకాలం

భర్త అభినవ్ పోయిన సంగతి ధరణికి అందరికంటే ముందు చెప్పింది బీమా సంస్థ.

ఆమె ఎనిమిదో తరగతికి పాఠం చెబుతోంది. చేతికున్న నాడికంకణం రెండుసార్లు అదిరింది. "మీ కుటుంబానికి మా ప్రగాఢ సానుభూతి. ప్రధాన సభ్యుని నాడి ఆగినందున మీ పథకం ఈ క్షణంతో ముగిసింది. కొత్త పథకం ఎంచుకోవడానికి కంకణాన్ని తాకండి." పిల్లల కాపీ దిద్దుతున్నట్టు ఆమె ఆ వాక్యాలను రెండోసారి చదివింది. రేవులో క్రేను గొలుసు తెగిందని అతని ఆఫీసువాళ్ళు ఫోను చేసింది ఆ తరువాతే.

కాకినాడలో అప్పటికి కంకణం లేని మణికట్టు లేదు. నాడిని, నిద్రను, చెమటను అది చదివి సంస్థలకు చేరవేస్తుంది. జబ్బు వచ్చాక లెక్క కట్టే రోజులు పోయాయి. రాబోయే జబ్బుకు ముందే లెక్క కడుతున్నారు.

ఆ ఇంట్లో రాబోయే జబ్బుతో పని లేదు. ఉన్నదే చాలు. అభినవ్ తల్లి మౌనికకు గుండె కవాటం మార్చాలి. వచ్చే నెలలో ఆపరేషన్. పథకం లేకపోతే ఆసుపత్రి ఆ తేదీని ఇంకొకరికి ఇచ్చేస్తుంది. మళ్ళీ వరస వచ్చేదాకా ఆవిడ గుండె తట్టుకుంటుందా అని ధరణి డాక్టరును అడిగింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

కొత్త పథకం రేటు పెరుగుతుందని కర్మల రోజులన్నీ ఇద్దరూ ఏడుపు దిగమింగుకున్నారు. పెద్దకర్మ అయిన మర్నాడే అత్తాకోడళ్ళిద్దరూ హాల్లో గోడకు ఎదురుగా కూర్చున్నారు. గోడ మీద హితవాణి వెలిగింది. పథకాలన్నీ చదివి సలహా చెప్పే గొంతు అది. దానికి తొందర లేదు.

"నిబ్బరం పథకంలో కవాటం ఖర్చు ఇస్తారు. ఛాతీ తెరిచే ఖర్చు ఇవ్వరు."

"తెరవకుండా కవాటం ఎలా పెడతారు?" అంది ధరణి.

"మంచి ప్రశ్న అడిగారు."

ధరణి ఎదురుచూసింది. అంతకు మించి జవాబు రాలేదు.

"నెమ్మది పథకంలో రెండూ ఇస్తారు. డెబ్బై దాటినవారికి మాత్రం గుండె బదులు మోకాళ్ళు వర్తిస్తాయి."

"గుండె బాలేదంటే మోకాలు మారుస్తాడా?" అంది మౌనిక. "బాగుందే వీడి వైద్యం. అడుగు, తలనొప్పొస్తే ఏం మారుస్తాడో."

"తలనొప్పికి విడిగా పథకాలున్నాయి. చూపించమంటారా?"

"వద్దు," అంది ధరణి. "ఇన్నిట్లో మా అత్తగారికి పనికొచ్చేది ఏదో అది చెప్పు."

"ఎంపిక పూర్తిగా మీ స్వేచ్ఛ."

ధరణి బడిలో స్వేచ్ఛ అన్న మాటకు అర్థం ఇన్నేళ్ళుగా వేరేలా చెబుతోంది.

మూడు రోజులు ఇదే తంతు. ఒక సంస్థ గుండెకు సరేనంది కానీ ఆసుపత్రి కోయంబత్తూరులో ఉందంది. ఇంకొకటి రోగి పేరు మీద కాక, పోయిన మనిషి పేరు మీదే దరఖాస్తు పెట్టమంది. చివరికి నిండుదీపం అనే పథకం దొరికింది. కవాటం, కోత, మందులు అన్నీ ఇస్తారు. ఒక్క షరతు ఉంది. పక్షం రోజులు శాంతకాలం. ఇంట్లో ఎవరి నాడీ కంకణం మీది పచ్చగీత దాటకూడదు. దాటితే దరఖాస్తు కొట్టేస్తారు.

"మొన్ననే ఇంట్లో మనిషి పోయాడు," అంది ధరణి.

"తెలుసు. మా సానుభూతి మీకు చేరింది కదా."

ఆ సాయంత్రం బడిలో లెక్కలు చెప్పే పతంజలి మాస్టారు పరామర్శకు వచ్చారు. గడప దగ్గరే ఆయన కంకణం గుయ్యిమంది.

"కూర్చోండి మాస్టారూ."

"లేదమ్మా, నిలబడే మాట్లాడతాను. దుఃఖంలో ఉన్నవాళ్ళ పక్కన కూచుంటే నా బీమా రేటు కదులుతుంది. ఏమీ అనుకోకు." శాంతకాలం మాట వినగానే ఆయనకు కొంచెం ఉత్సాహం వచ్చింది. "అదేమంత కష్టం కాదు. మనిషి ఒంటరిగా ఉన్నంతసేపూ బాగానే ఉంటాడమ్మా. ఎదురెదురు పడ్డప్పుడే గీత దాటేది. మా నాన్నగారు పోయినప్పుడు మేం ముగ్గురన్నదమ్ములం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఒక్కసారి దాటితే ఒట్టు!"

"తరవాత చూసుకున్నారా?"

మాస్టారు కంకణం వైపు ఓసారి చూసుకున్నారు. "పండగలకి ఫోన్లు చేసుకుంటాం."

చావు జరిగిన ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు వస్తానని చెప్పకూడదన్న పద్ధతి మాత్రం ఆయన మరిచిపోలేదు. ఏమీ అనకుండా మెట్లు దిగారు.

మర్నాటి నుంచి ఇల్లు రెండుగా అయింది. మౌనిక ముందు గదిలో, ధరణి వంటింటి వైపు. కంచం తలుపు దగ్గర పెట్టి ధరణి పక్కకు తప్పుకునేది. మాటలు తలుపు అవతలి నుంచే.

"బీరకాయ లేతదేనా?"

"లేతదే అత్తయ్యా."

"ఉప్పు తగ్గించావు."

"మీ గుండెకే."

"దానికేం, నిండుదీపం వస్తోందిగా."

ఒక మధ్యాహ్నం మేడ మీద ట్యాంకు నిండి నీళ్ళు పొర్లాయి. ఎప్పటి అలవాటో, మౌనిక కేకేసింది. "అభీ, మోటారు ఆపరా!"

రెండు గదుల్లో రెండు కంకణాలు గీత దగ్గరపడిందని నారింజ రంగుకు తిరిగాయి. ధరణి స్టవ్ గట్టు పట్టుకుని నిలబడి పదమూడో ఎక్కం మనసులో చెప్పుకుంది. అవతల మౌనిక మంచం కోడు పట్టుకుని ఊపిరి లెక్కపెట్టుకుంది. మోటారు స్విచ్చి నడవాలో ఉంది. ఆపడానికి వెళితే ఎదురుపడాలి. నీళ్ళు గోడ మీదుగా కారి కిందింటి బాల్కనీలో పడుతున్నాయి. కిందింటావిడ తిడుతోంది. అత్తగారి గది తలుపు మూసిన చప్పుడు విన్నాకే ధరణి వెళ్ళి స్విచ్చి ఆపింది. కంకణాలు మెల్లగా పచ్చబడ్డాయి.

పథకం మంజూరైంది. ఆపరేషన్ బాగా జరిగింది. కొత్త కవాటం చప్పుడు శుభ్రంగా ఉందని డాక్టరు మెచ్చుకున్నాడు.

మౌనిక ఇల్లు చేరి తేరుకున్నాక గోడ మీద హితవాణి తనంతట తానే వెలిగింది. "శుభవార్త. మీ పథకంలో శోకవిరామం మొదలైంది. నేటి నుంచి ఇంటిల్లిపాదీ కలిసి దుఃఖించవచ్చు. రేటు మారదు."

ధరణి గోడను ఆపేసింది. చాలా రోజుల తరువాత ఇద్దరూ ఒకే సోఫాలో పక్కపక్కన కూర్చున్నారు. మౌనిక కోడలి చేయి పట్టుకుంది. అభినవ్ ఫొటో వైపు చూశారు. ఒకరినొకరు చూసుకున్నారు. కంకణాలు పచ్చగానే ఉన్నాయి.

"రావట్లేదే," అంది మౌనిక కాసేపటికి.

"నాకూ రావట్లేదత్తయ్యా."

"గట్టిగా వాణ్ణి తలుచుకో."

"తలుచుకుంటున్నాను. పదమూడో ఎక్కం వస్తోంది."

మౌనిక నవ్వబోయి, కుట్లు లాగితే ఆగిపోయింది. తరువాత ధరణి లేచి పొయ్యి మీద పప్పు పెట్టింది.

అభినవ్ కోసం ఆ ఇంట్లో ఇంకా ఎవరూ ఏడవలేదు.