మూడో అరలోని డబ్బా

“మొన్న ల్యాబ్‌లో పోయిన సైంటిస్టుది హార్ట్ ఎటాక్ కాదు. హత్య,” అన్నాడు చీఫ్, పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ.

ఏజెంట్ పదిహేడు ఆ పుల్లని చూడలేక మొహం తిప్పుకున్నాడు. పొద్దున్న ఎనిమిదింటికి కిటికీలు లేని గదిలో ఈ బ్రీఫింగొకటి.

“విదేశీ ముఠా ఒక బీపీ మాత్ర దింపుతోంది. బీపీ పెంచే రెనిన్ అనే ఎంజైమ్‌ని రక్తంలోంచి మాయం చేస్తుందట. ఒట్టి సుద్ద. రెనిన్ ఉందో లేదో పట్టిచ్చేది ల్యాబ్‌లో ఉన్న యాంటీబాడీ. రెనిన్‌కి అంటుకుని నల్లగీతలా కనిపిస్తుంది. దాన్ని చంపేస్తే గీత రాదు. గీత రాకపోతే పన్నెండింటికి మందులకి అనుమతిచ్చే కమిటీ సంతకం పెట్టేస్తుంది. సాయంత్రం నుంచి వెయ్యిమంది పాత మాత్రలు మానేసి ఈ సుద్ద మింగుతారు.” చీఫ్ పుల్ల కొనని పరీక్షగా చూసుకున్నాడు. “లిస్టులో మీ అక్క కూడా ఉంది. వారం కిందటే చూశా. కంగారుపడతావని చెప్పలేదు.”

అక్కకి రెండు రోజులు మాత్ర తప్పితే ముక్కులోంచి రక్తం కారుతుంది. పదిహేడుకి చీఫ్ మొహాన ఉమ్మాలనిపించింది. ఉద్యోగం గుర్తొచ్చి మింగేశాడు.

యాంటీబాడీకి కాపలా కాయడానికి ఫ్రిజ్ మెకానిక్ వేషంలో ల్యాబ్‌కి వెళ్ళాడు. పెట్టుడు మీసం జిగురు కుళ్ళిన చేపల కంపు కొడుతోంది. తలుపు తీసినావిడ అక్కడి టెక్నీషియన్. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, అందరూ టీచరమ్మ అంటారు.

“ఫ్రిజ్ చప్పుడు చేస్తోందటగా?”

“చప్పుడు కాదు, చెమట పోస్తోంది.”

కోడ్ కుదిరింది. నలుగురి కళ్ళు కప్పడానికి ఆవిడ ముందు స్టాఫ్‌రూమ్ ఫ్రిజ్ చూపించింది. మూడో అరలో ఒక డబ్బా, చుట్టూ ఆకుపచ్చ బూజు.

“ఎవరిదండీ ఇది?”

“ఎవరికి తెలుసు? నాలుగు నెలలైంది. అందరూ తిట్టుకుంటారు, ఒక్కరూ పారెయ్యరు.”

పదిహేడు ముక్కు మూసుకుని తలుపు వేసేశాడు.

కారిడార్‌లో హైహీల్స్ టకటకలాడాయి. సంపెంగ. ముఠాలో మన డిపార్ట్‌మెంటు పెట్టుకున్న మనిషి. ఆమెను చూస్తే మగాళ్ళు ఫైళ్ళు జారవిడుస్తారు. పదిహేడుకి మాత్రం ఆ సెంటు తలనొప్పి తెప్పించింది.

“ల్యాబ్‌లో ఉన్న యాంటీబాడీ సీసా డూప్లికేట్. ఒరిజినల్ ఇది. త్వరగా,” అని బొటనవేలంత సీసా అతని చేతిలో పెట్టింది.

అతను తీసుకెళ్ళి టీచరమ్మకి ఇచ్చాడు.

“నమ్మకమైన మనిషేనా?” అంది టీచరమ్మ.

“మా వాళ్ళేనండీ.”

పది దాటాక కాన్ఫరెన్స్ హాల్ తెర మీద పరీక్ష ఫొటో వేశారు. కొత్త మాత్ర మింగిన తొమ్మిదిమంది పేషెంట్ల శాంపిళ్ళు, ఒక్క గీత లేదు. ముఠా డాక్టరు నవ్వాడు, కమిటీ చప్పట్లు కొట్టింది.

టీచరమ్మ పదిహేడు చొక్కా పట్టి లాగింది. “నేను పది గుంటల్లో శాంపిళ్ళు పోశాను. తెర మీద తొమ్మిదే ఉన్నాయి.”

“పదోది?”

“అది మొదటిది. అందులో ప్రతిసారీ కిడ్నీ సారం పోస్తాం. కిడ్నీలో రెనిన్ ఉండి తీరుతుంది, గీత వచ్చి తీరాలి. ఇప్పుడే శాంపిళ్ళు ఎక్కించిన పొర తీసి చూశా, అక్కడా ఖాళీయే. అంటే యాంటీబాడీ చచ్చింది. గడ్డకట్టించి, కరిగించి, మళ్ళీ గడ్డకట్టించి చంపారు. అందుకే ఫొటోలో మొదటి గుంట కోసేశారు.”

చచ్చినదాన్ని తన చేత్తోనే మోసుకొచ్చాడు. అక్క నెత్తిన తనే సుద్ద రుద్దబోయాడు. పదిహేడుకి తన మీద తనకే అసహ్యం పుట్టింది.

“ఇంకేం మిగల్లేదా?”

“మా పనిలో ఉన్నదంతా ఒకే సీసాలో ఎవరూ పెట్టరు బాబూ. చిన్న వాటాలు చేసి దాస్తాం. ల్యాబ్‌లోవన్నీ ఎత్తుకుపోయారు. ఒక్కటుంది.” ఆవిడ గొంతు తగ్గించింది. “ఆ డబ్బా నాదే.”

పదిహేడు స్టాఫ్‌రూమ్‌కి పరిగెత్తాడు. మూత తీశాడు. ప్రపంచంలో ఉన్న కంపంతా ఒక్కసారి మొహాన కొట్టింది. కళ్ళు మూసుకుని మోచేతి దాకా ముంచాడు. జిగురు, నురగ, మెత్తగా ఏదో. అడుగున ప్లాస్టిక్‌లో చుట్టిన చిన్న ట్యూబు తగిలింది.

“ఇలా ఇవ్వు.” గుమ్మంలో సంపెంగ. చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్తోలు.

“ఎవరికి పనిచేస్తున్నావు నువ్వు?”

“ఎవరు గెలిస్తే వాళ్ళకి.”

పదిహేడు ట్యూబు ఇవ్వలేదు. డబ్బా ఎత్తి ఆమె మీద కుమ్మరించాడు. ఆమెకి మూడు దేశాల ట్రెయినింగులో ఇలాంటిది నేర్పినట్టు లేదు. సంపెంగ పిస్తోలు వదిలేసి, గోడ పట్టుకుని, పొద్దుట తిన్నదంతా కక్కుకుంది.

టీచరమ్మ అదే పొర మీద ట్యూబులోని యాంటీబాడీ పోసింది. గంటన్నర పడుతుందంది. పన్నెండుకి రెండు నిమిషాలుండగా చైర్మన్ పెన్ను మూత తీశాడు. పదిహేడు తలుపు తోసుకుని వచ్చి పొరని ఆయన ముందు పెట్టాడు. మొదటి గుంట దగ్గర నల్లటి గీత. పక్కనే, మాత్ర మింగిన తొమ్మిదిమందివీ అంతే నల్లగా ఉన్నాయి.

చైర్మన్ గీతలు చూశాడు, ముఠా డాక్టర్ని చూశాడు, పెన్ను మూత పెట్టేశాడు. తర్వాత ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

బయటికొచ్చి పదిహేడు ఫోన్ చేశాడు. “అక్కా, పాత మాత్ర మానకు.”

“ఏంరా, ఏమైంది?”

“చెప్పకూడదు.”

“నీ ఫ్రిజ్‌లకి కూడా రహస్యాలేనా? సరే, భోజనానికి వస్తావా?”

పదిహేడు కుడిచెయ్యి వాసన చూసుకున్నాడు. అప్పటికి ఏడుసార్లు కడిగాడు.

“వస్తానక్కా. స్పూన్ పెట్టు.”