తొమ్మిదో శూలం

మధ్యాహ్నం నుంచి ముసురు పట్టింది. హునాన్ కొండల్లోని ఆ పల్లెలో, నాటకం వేదిక మీది వెదురు కప్పు నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. శూలం గురి తప్పితే అవసరమవుతుందని, ఆనవాయితీ ప్రకారం వేదిక పక్కన కొత్త శవపేటిక మూత తీసి పెట్టారు. దాని పచ్చి చెక్క వాసన, అగరొత్తుల పొగ, తడి బట్టల కంపు కలిసి గొంతుకు అడ్డం పడుతున్నాయి.

షౌరన్ శూలాలను నూనెగుడ్డతో తుడుస్తున్నాడు. నాటకంలో భిక్షువు ములియన్ తల్లి వ్రతం తప్పి మాంసం తిన్నందుకు నరకంలో పడుతుంది; ఆమెను చెక్క స్తంభానికి ఆనించి నిలబెడితే, యమభటుడు ఒంటికి తగలకుండా చుట్టూ తొమ్మిది శూలాలు విసరాలి. ముప్పై ఏళ్లుగా ఆ యమభటుడు అతనే. తల్లి వేషం అతని స్నేహితుడు ఫులైది. మూడేళ్ల కిందట తొమ్మిదో శూలం ఫులై గొంతులో దిగింది. ఆటలో జరిగింది, నేరం కాదన్నారు ఊళ్లోవాళ్లు. ఆ రోజు తను తాగి ఉన్నానని షౌరన్ ఎవరికీ చెప్పలేదు.

ఇవాళ ఆ వేషం ఫులై కూతురు యువే కడుతోంది.

"ఇంకొకరిని చూసుకుందాం తల్లీ," అన్నాడు.

"నీ శూలం ముందు నిలబడ్డానికి ఇంకెవరొస్తారు పెదనాన్నా?" అంది ముఖానికి తెల్లరంగు పూసుకుంటూ. "ఆట ఆగితే ఊరికి అరిష్టమంటారు. నాన్న చావు వల్లే ఆగిందని మళ్ళీ ఆయన పేరే ఎత్తుతారు. నువ్వు తాగకుండా ఉండు, చాలు."

అతను తుడిచిన శూలాన్నే మళ్లీ తుడవసాగాడు.

డోలు మోగింది. మొదటి శూలం ఆమె చెవి పక్కన దిగింది. రెండోది చంక కింద. ఎనిమిదీ చెక్కలో దిగి వణికాయి.

తొమ్మిదోది ఎత్తాడు. డోలు ఆగింది.

మణికట్టు చల్లబడింది. ఎవరో పట్టుకున్నారు... తడి వేళ్లు... సన్నటి వేళ్లు. లాక్కోబోయాడు. చెయ్యి రాలేదు. శూలం మొన మెల్లగా జరిగింది... యువే గొంతు వైపు. అరవబోయాడు.

చెయ్యి దానంతటదే విసిరింది.

ఎవరో లాగినట్టు యువే ఒక్కసారిగా పక్కకి ఒరిగింది. ఆమె గొంతు ఉండాల్సిన చోట శూలం ఊగుతోంది. జనం ఈలలు వేశారు.

తెర వెనక అతను ఆమె ముందు కూలబడ్డాడు. "మీ నాన్న పోయిన రోజు... నేను తాగి..."

"తెలుసు," అంది. "ఇవాళ నన్ను నాన్నే తప్పించాడు. వెనక నుంచి భుజాలు పట్టి పక్కకి లాగాడు. ఆ చేతులు నాకు తెలుసు."

"మరి నా చెయ్యి పట్టుకున్నదీ వాడేనా? పగతోనా?"

యువే అతని భుజం వెనక్కి చూసింది.

"నాన్న నా దగ్గరే ఉన్నాడు పెదనాన్నా," గుసగుసగా అంది. "నీ వెనక ఉన్నది ఎవరో ఆడమనిషి. నాలాగే ములియన్ తల్లి వేషం, ఒంటినిండా శూలాల పోట్లు."

షౌరన్ మణికట్టు మీద పట్టు ఇంకా వదల్లేదు.