శనివారం డ్రైవింగ్ క్లాసు

ఆడపడుచు మీద ఆ ఇల్లాలికున్న ఫిర్యాదు ఒక్కటే. ఆవిడ ఏదీ మర్చిపోదు. వంకలు పెట్టే ఆడపడుచైతే నవ్వుతూ భరించవచ్చు. అలిగే ఆడపడుచైతే బతిమాలుకోవచ్చు. గిన్నెలు తోముకుంటూ ఫోన్లో మనం ఎప్పుడో అన్న మాటని, మనకే గుర్తులేని వేళ పొల్లుపోకుండా అప్పజెప్పే మనిషిని ఏం చెయ్యాలి?

అలాంటి మనిషికి అబద్ధం చెప్పకూడదు. అయినా ఇల్లాలు చెప్పింది.

కూతురు చిన్ని ఒక ఇంజనీరు ఆఫీసులో ఇళ్ళ ప్లాన్లు గీసేది. మొదటి ఉద్యోగం. ఒకరోజు మీటింగులో నలుగురి ముందు ఊపిరాడక, చేతులు వణుకుతూ, టాక్సీలో ఇంటికొచ్చి పడింది. గుండె నిక్షేపంగా ఉందన్నారు డాక్టర్లు. అయినా ఆ పిల్ల వారాల తరబడి కర్టెన్లు వేసుకుని గదిలోనే ఉండిపోయింది. చివరికి డాక్టరే ఒక కౌన్సెలర్ దగ్గరికి పంపాడు. ప్రతి శనివారం అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టాక మెల్లగా నిద్ర పట్టింది. అందరితో కలిసి తినడం మొదలైంది. ఈమధ్య తండ్రి గురక మీద జోకులు కూడా వేస్తోంది.

"శనివారాలు చిన్ని ఫోనెత్తదేం?" అని ఆడపడుచు అడిగినప్పుడు, ఇల్లాలి నోటికొచ్చిన మాట డ్రైవింగ్ క్లాసు. అబద్ధం పుట్టాక దాన్ని పెంచాలి కదా. తర్వాతి ఫోన్లలో చిన్నికి గేర్లు వచ్చాయి, రివర్సు వచ్చింది, పోయిన నెల లైసెన్సు కూడా వచ్చేసింది.

ఆ శనివారం పొద్దున్న ఇల్లాలు బ్రెడ్డు కాలుస్తుండగా వాకిట్లో హారన్ మోగింది. ఆడపడుచు వాళ్ళ కొత్త కారు. ఆవిడ కొడుకు తల్లినీ కారునీ అక్కడ వదిలి ఆఫీసు బస్సు కోసం పరుగెత్తాడు.

"మరదలా, చిన్ని ఏదీ? నన్ను నా స్నేహితురాలింటికి తీసుకెళ్ళాలి. మేనకోడలు కారు నడుపుతుంటే పక్కన దర్జాగా కూర్చోవాలని నాకెంత సరదానో!"

ఇల్లాలి కాళ్ళు ఒకచోట నిలవలేదు. మడతపెట్టిన తువ్వాళ్ళు విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"దానికి లైసెన్సు రాలేదు వదినా."

"పోయిన నెల వచ్చిందన్నావుగా. ఫోటోలో జుట్టు రేగి పిచ్చిదానిలా పడిందని కూడా అన్నావు."

"అంటే... కాలు బెణికింది దానికి."

సరిగ్గా అప్పుడే చిన్ని భుజాన సంచీతో మెట్లు రెండేసి దూకుతూ దిగింది. హాల్లో కూర్చున్న తండ్రి చదువుతున్న పేపరును ఇంకాస్త పైకెత్తాడు. ఇంట్లో ఏ గొడవ రేగినా ఆయనకు లోకవ్యవహారాల మీద శ్రద్ధ పెరుగుతుంది.

"పద తల్లీ!" అంటూ ఆడపడుచు తాళాలు చాపింది.

"ఒక్క నిమిషం అత్తయ్యా," అని చిన్ని తల్లి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"లైసెన్సు ఫోటోలో పిచ్చిదానిలా పడ్డానా అమ్మా?"

"మెల్లగా మాట్లాడవే. ఏదో మాటవరసకి అన్నాను."

"నాకు టైమవుతోంది. అత్తయ్యకి నిజం చెప్పు."

"మీ అత్తయ్యకి చెబితే మైకు పట్టుకుని చెప్పినట్టే. తలనొప్పని ఇవాళ్టికి పడుకో. వచ్చేవారం వెళ్దువుగాని."

చిన్ని నవ్వింది. ఏడ్చినా బాగుండేదనిపించే నవ్వు.

"అక్కడ నేను దేని గురించి మాట్లాడుతున్నానో తెలుసా? ఆఫీసు సంగతి ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడంతా నీ గురించే. సిగ్గుపడాల్సిందేం లేదని అక్కడ కూర్చున్నంతసేపూ నమ్ముతాను. ఇంటికి రాగానే క్లచ్చూ బ్రేకూ బట్టీ పట్టిస్తావు. నా వల్ల కాదమ్మా. ఇవాళే కాదు, ఇంకెప్పుడూ వెళ్ళను. సరేనా?"

పైకెళ్ళిపోయింది. తలుపు పడింది. వెంటనే కర్టెన్ రింగులు కడ్డీ మీద బరబరా జరిగిన చప్పుడు.

ఆ వారాలన్నీ అన్నం ప్లేటు పట్టుకుని, ఆ గది బయట తను ఎంతసేపు నిలబడిందో ఇల్లాలికే తెలుసు. ఆర్పిన పొయ్యి మళ్ళీ ఆర్పింది. కుళాయి తిప్పింది, కట్టేసింది. ఆడపడుచు నలుగురికి చెబుతుంది. ఆ నలుగురూ ఇంకో నలుగురికి. చెప్పుకోనీ. వాళ్ళలో ఎవరొచ్చి ఆ తలుపు ముందు ప్లేటు పట్టుకుని నిలబడతారు?

విసవిసా హాల్లోకొచ్చింది.

"వదినా, చిన్నికి కారు నడపడం రాదు. స్టీరింగు ముట్టుకోనైనా లేదు. మనసు బాగోక శనివారాలు కౌన్సెలర్ దగ్గరికి వెళ్తోంది."

పేపరు ఒళ్ళోకి దిగింది. ఆడపడుచు చేతిలోని తాళాలకేసి చూసింది.

"మరి ఆ రివర్సులో గోడకి గుద్దబోయి తప్పించుకోవడం?"

"ఆ గోడే లేదు వదినా."

"నీకిన్ని కథలు అల్లడం వచ్చని తెలీదు సుమా! ఏరా, నీకూ తెలుసా?"

"తెలుసక్కా," తండ్రి గొణిగాడు. "నేనేమీ అనలేదు."

"నువ్వెప్పుడన్నావు గనక!" ఆవిడ తాళాలు సంచీలో పడేసుకుంది. "నాకు చెప్పకపోవడమేమిటి, నేనెవరికి చెబుతాను?"

తండ్రికి దగ్గొచ్చింది.

"నువ్వు దగ్గకు. పిల్లకి టైమవుతోందేమో, టాక్సీ పిలువు. నువ్వింకా ఇక్కడే నిలబడ్డావేం మరదలా, పైకెళ్ళు!"

ఇల్లాలు మెట్లెక్కింది. తలుపు తట్టింది.

"చిన్నీ, అత్తయ్యకి చెప్పేశాను."

చాలాసేపటికి తలుపు కొంచెం తెరుచుకుంది. పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇప్పుడు అందరికీ తెలిసిపోతుంది."

"తెలియనీ."

నీ మంచికేనే అన్న మాట ఇల్లాలి నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ళుగా ప్రతి గొడవనీ ఆ మాటతోనే ముగించేది. ఈసారి మింగేసింది. కింద ఇద్దరూ చెవులు రిక్కించి వింటున్నారని తెలిసీ గొంతు తగ్గించలేదు.

"నీ కోసమే దాచానని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. అదీ అబద్ధమే. నా పెంపకాన్ని ఎవరేమంటారోనని హడలిపోయాను. నా భయాన్ని నీ చేత మోయించాను. నేను చేసింది తప్పు చిన్నీ. ముమ్మాటికీ నాదే తప్పు."