బొమ్మ ఎందుకు మసకయింది?

"ఏం చూస్తాండ్రు?"

కళావతి అడిగిన తీరుకు ఆ అబ్బాయి ఒక అడుగు వెనక్కి వేశాడు. భుజం మీద వీడియో కెమెరా ఎత్తుకుని కేసముద్రం మార్కెట్ యార్డులోకి వస్తున్న ఆడపిల్లను ఆ రోజు చూడనివాళ్ళు లేరు. కానీ ఇతను మాత్రం టీవీ పెట్టె పక్కన నిలబడి కన్నార్పకుండా చూస్తున్నాడు.

"ఏం లేదు" అన్నాడతను. ఇంకేదో చెప్పబోయి నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

"ఏం లేకపోతె మీ పని మీరు చేస్కోండ్రి" అని విసవిసా ముందుకు నడిచింది.

హనుమకొండలో కళావతి స్టూడియో అంటే తెలియనివాళ్ళు తక్కువ. కూతురు పుట్టిన ఏడే వీరభద్రం ఆ దుకాణం తెరిచి, ఆమె పేరే బోర్డు మీద రాయించాడు. ఫోటోల కాలం పోయి వీడియోల కాలం రాగానే ఈ కెమెరా తెచ్చాడు. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ గదుల్లోకి మగవాడు కెమెరాతో పోతే పెద్దలు ముఖం చిట్లిస్తున్నారని, డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న కూతురికి పని నేర్పాడు. ఏడాది తిరక్కుండానే కళావతికి ఎంత పేరొచ్చిందంటే, కబడ్డీ ఫైనల్‌కు కూడా ఆమెనే పిలిచారు.

ఆ పోటీలు పెట్టించింది రైతుల పంట అమ్మిపెట్టే అడ్తి వ్యాపారి కిషన్ రావు. ఆయన కొడుకు రాజమల్లు కేసముద్రం జట్టుకు కెప్టెన్. పొద్దుగూకేముందు ఆఖరి కూతకు వెళ్ళి ముగ్గురిని తాకి వచ్చాడు రాజమల్లు. ఊరు ఊరంతా ఎగిరింది. కళావతి గీత వెంట ఉరుకుతూ, ఎదురెండలో కన్ను చికిలిస్తూ ఒక్క క్షణం కూడా వదలకుండా పట్టింది. కెమెరా వెనక కన్ను ఆనించి చూసే ఆ చిన్న నలుపు తెలుపు తెరలో అంతా బాగానే కనిపించింది.

చీకటి పడగానే యార్డులోనే టీవీ పెట్టారు. ఇందాకటి అబ్బాయే దానికి క్యాసెట్లు ఆడించే డెక్కు తగిలించాడు. పేరు వెంకట్రాజం. చుట్టుపక్కల ఊళ్ళకు టీవీ, డెక్కు కిరాయికి ఇస్తాడని, ఈ మధ్యనే మొదలుపెట్టాడని ఎవరో చెప్పుకుంటుంటే విన్నది.

బొమ్మ వచ్చింది. వచ్చిందనడమే కానీ, తెర మీద ఉన్నది పాలలో ముంచి తీసినట్టున్న తెల్లటి మసక. అందులో మనుషుల ఆకారాలు పొగలా కదులుతున్నాయి. రాజమల్లు ఎవరో, అవతలివాడు ఎవరో తెలియలేదు.

"ఇదేం ఆట, దయ్యాలు ఆడుతున్నయా?" అన్నారెవరో. జనం గొల్లున నవ్వారు.

కిషన్ రావు నవ్వలేదు. "ఏందమ్మా ఇది?" అన్నాడు.

అందరి చూపులూ కళావతి మీదికి తిరిగాయి. ఆమె చెవులు వేడెక్కాయి. ఆలోచించడానికి క్షణం కూడా లేదు. ఆ క్షణంలో నోటికి ఏది దొరికితే అది అనేసింది.

"నేను మంచిగనే తీసిన. డెక్కు హెడ్డు ఖరాబున్నట్టుంది."

అంతే. చూపులన్నీ అటు తిరిగాయి.

"ఏంరా రాజం, చెడిపోయిన డెక్కు పట్టుకొస్తవా? నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తివి కదరా" అని కిషన్ రావు లేచాడు. తలా ఒక మాట అన్నారు. వెంకట్రాజం డెక్కు మూత విప్పి, క్యాసెట్ చదివే హెడ్డును బట్టతో తుడిచి, మళ్ళీ పెట్టాడు. అదే మసక. తల వంచుకుని తీగలు చుట్టుకున్నాడు.

"ఇగ మన ఊళ్ళె ఏ పెండ్లికీ వీని డెక్కు పెట్టద్దు" అని కిషన్ రావు అంటుండగా అతను పెట్టె నెత్తికెత్తుకుని వెళ్ళిపోయాడు. పోతూ పోతూ ఒక్కసారి కళావతి వైపు చూశాడు. అందులో కోపం లేదు. అదే ఆమెకు నచ్చలేదు.

*

మర్నాడు వీరభద్రం ములుగులో పెళ్ళికి వెళ్ళాడు. కళావతి ఒక్కతే దుకాణం తెరిచింది. తెరవగానే ఆ క్యాసెట్ తమ డెక్కులో పెట్టి చూసింది.

అదే మసక.

కుర్చీలో కూలబడింది. ఆ మసకలో కూడా ఒక మనిషి తల వంచుకుని తీగలు చుట్టుకుంటున్నట్టే అనిపించింది. గబగబా టీవీ ఆపింది.

అప్పుడే గడప దగ్గర అలికిడయింది. వెంకట్రాజం. తువ్వాలలో చుట్టిన డెక్కును చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఉన్నాడు.

"ప్యాసింజర్ బండ్ల వచ్చిన. జర మీ క్యాసెట్ ఇస్తరా? నా డెక్కుల మళ్ళొకసారి చూడాలె. ఎంత విప్పి చూసినా తప్పు దొరుకుతలేదు."

ఇప్పుడు చెప్పవచ్చు. ఒక్క మాట. కళావతి లేచి క్యాసెట్ మాత్రం అందించింది.

అతని డెక్కులో అదే మసక. అతను తన సంచిలోంచి ఇంకో క్యాసెట్ తీసి పెట్టాడు. బొమ్మ అద్దంలా వచ్చింది. ఆ క్యాసెట్టే దుకాణం డెక్కులో పెట్టాడు. అక్కడా అద్దంలాగే ఉంది.

ఇద్దరూ టీవీ వైపే చూస్తున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"క్యాసెట్ పాతదేమో" అన్నాడతను నెమ్మదిగా. ఆమెకు దారి ఇస్తున్నాడు.

"కొత్తది. నేనే సీల్ తీసిన" అంది కళావతి. ఎందుకో ఆ దారిన పోబుద్ధి కాలేదు.

"అయితె కెమెరా వైరు సక్కగ టీవీకే పెడ్దాం."

పెట్టారు. కెమెరా బయటికి తిప్పితే ఎండ కాస్తున్న హనుమకొండ రోడ్డు పొగమంచులో ఉన్నట్టు కనిపించింది. రిక్షాలు తేలుతూ పోతున్నాయి. వెంకట్రాజం వెళ్ళి కెమెరా ముందు నిలబడ్డాడు. టీవీలో ఒక మసక తల ఊగింది. వంగి లెన్సులోకి చూశాడు.

"జర ఇటు రాండ్రి."

అద్దం మీద, వెలుతురుకు ఏటవాలుగా, నూనె తెట్టు ఏడు రంగుల్లో మెరుస్తోంది. అంచున పసుపు.

కళావతికి అంతా గుర్తొచ్చింది. ఫైనల్ రోజు పొద్దున్న పెళ్ళికూతురికి నలుగు పెడుతుంటే ఎవరిదో చేయి కెమెరాకు తగిలింది. ఓణీ చెంగుతో ఒక్కసారి రుద్ది, బస్సుకు టైమవుతోందని పరుగెత్తింది. రుద్దడంతో ఆ మరక అద్దమంతా పరుచుకుంది. పైగా ఎదురెండ.

అతను మెత్తటి బట్ట అడిగి తీసుకున్నాడు. అద్దం మీద ఊదుతూ, తుడుస్తూ ఉన్నాడు. ఆమె టీవీ వైపు తిరిగింది. మసకలోంచి మెల్లగా ఒక ముఖం తేలింది. ఒత్తైన కనుబొమలు, వాటి మధ్య పాత గాటు, రాత్రంతా నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళు. అంత దగ్గరగా, అంత స్పష్టంగా ఏ మగవాడినీ ఆమె చూడలేదు. చూడలేక తల దించుకుంది.

"మీ డెక్కు మంచిదే" అంది చివరికి. క్షమాపణ అడగాల్సిన చోట ఆమెకు దొరికింది ఆ ఒక్క మాటే.

వెంకట్రాజం డెక్కును మళ్ళీ తువ్వాలలో చుట్టుకున్నాడు. గడప దగ్గర ఆగాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి. నేను ఎవ్వరికీ చెప్ప."

తిట్టినా బాగుండేది. అతను వెళ్ళాక బయట బోర్డు మీద తన పేరు చదువుకుంటూ వచ్చేవాళ్ళను చూస్తే, ఆ పేరు ఎవరైనా చెరిపేస్తే బాగుండుననిపించింది.

*

ములుగు నుంచి వచ్చిన తండ్రికి అన్నం వడ్డిస్తూ అంతా చెప్పేసింది. వీరభద్రం ముద్ద చేతిలోనే పట్టుకుని విన్నాడు.

"ఆ పిలగాన్ని ఎంతమంది ముందట అన్నవు బిడ్డా?"

"ఊరంతా ఉన్నది బాపు."

"మరి నాకు ఒక్కనికి చెప్తె ఏమైతది?"

ఆ ఆదివారం కేసముద్రంలో బహుమతులు ఇచ్చే సభ. తండ్రీకూతుళ్ళు వెళ్ళారు. రాజమల్లు మెడలో దండలు పడుతున్నాయి. పత్తి నింపిన బోరాల పక్కన, అందరికీ వెనకగా, వెంకట్రాజం నిలబడి ఉన్నాడు. ఈసారి టీవీ వేరే ఎవరిదో.

కళావతి మైకు దగ్గరికి వెళ్ళింది.

"ఆ రోజు డెక్కు చెడిపోలే" అంది. గొంతు మైకులో కీచుమంది. "నా కెమెరా అద్దానికి నూనె అంటింది. నేనే చూసుకోలే. మీరందరు నన్ను చూస్తాంటె భయమై డెక్కు మీదికి నూకిన. తప్పు నాది. వెంకట్రాజం గారి డెక్కు మంచిగున్నది."

ఎక్కడో ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు ఆమె వీపు మీద కారంలా పడింది. ఇంకా నయం, కిషన్ రావు నవ్వలేదు. ఆయన ముఖం కూడా ఎర్రబడింది.

"మరి నేను గిన్ని మాటలంటి కదరా రాజం. నోరు మూసుకొని ఎందుకు పడ్డవురా?" అన్నాడు.

అంతలో వాన. చినుకులు కావు, ఒక్కసారే కుండపోత. జనం షెడ్ల కిందికి ఉరికారు. కెమెరాను కడుపుకు హత్తుకుని పరుగెత్తిన కళావతి దొరికిన టార్పాలిన్ కిందికి దూరింది. అక్కడ పత్తి బోరాల మధ్య వెంకట్రాజం ఉన్నాడు.

"మీరు చెప్పకున్నా అయిపోతుండె" అన్నాడు.

"మీరు తిట్టినా అయిపోతుండె" అంది ఆమె. కళ్ళల్లో నీళ్ళు నిలిచాయి.

"నేనెట్ల తిడ్త? తప్పు నాది గూడ ఉన్నది."

కళావతి తలెత్తింది.

"ఆ రోజు మీరు యార్డులకు వచ్చేటప్పుడే అద్దం మీద పసుపు మరక చూసిన. చెప్పుదామనుకున్న. మీరేమొ 'ఏం చూస్తాండ్రు' అంటిరి. ఇగ నోట్లెకెల్లి మాట రాలే."

వాన చప్పుడులో తప్పుగా విన్నానేమో అనుకుంది.

"తెలిసి చెప్పలేదా? అంతమంది ముందట ఆ తిట్లు..."

"నాకు రావల్సినయే అనుకున్న. గందుకే ఊకున్న."

"మరి డెక్కుల తప్పు దొరుకుతలేదని హనుమకొండ దాకా ఎందుకొచ్చిన్రు?"

వెంకట్రాజం టార్పాలిన్ అంచు నుంచి కారుతున్న నీళ్ళను చూస్తూ నిలబడ్డాడు.

"మరక తుడవకుంటె ఇంకో పెండ్లి ఖరాబైతదని."

"అంతేనా?"

"అంతే కాదు" అన్నాడు. "మీరు మళ్ళొకసారి తిట్టినా సరే, మీ ముందట నిలబడాలనిపిచ్చింది."

కళావతికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ అది పెదవుల దాకా వచ్చేసరికి నవ్వయింది. ఓణీ చెంగుతో కళ్ళు తుడుచుకోబోతే అతను జేబులోంచి రుమాలు తీశాడు.

"చెంగుతోటి తుడిస్తె ఏమైతదో చూసిన్రు గద" అన్నాడు.

అవతలి షెడ్డు కింద నిలబడ్డ వీరభద్రం దగ్గి, ముఖం ఇంకోవైపు తిప్పుకున్నాడు.

*

వాన వెలిశాక తిరుగు ప్యాసింజర్‌లో తండ్రీకూతుళ్ళకు కిటికీ పక్క సీట్లే దొరికాయి.

"ఆ రాజం వాళ్ళమ్మ చిలుకమ్మ నాకు ఎరుకే" అన్నాడు వీరభద్రం ఉన్నట్టుండి. "వాళ్ళ తమ్ముని పెండ్లికి ఫోటోలు నేనే తీసిన. మంచి మనుషులు."

కళావతి కిటికీ వైపు తిరిగింది.

"వట్టిగనే చెప్తాన. ఏం బిడ్డా, మాట్లాడవేంది?"

"సిగ్గైతాంది బాపు."

వారమంతా ఆమె గుండెలో ముల్లులా ఉన్నదీ సిగ్గనే ఆ మాటే. ఇప్పుడు పైకి అంటే ఎక్కడా గుచ్చుకోలేదు.

వీరభద్రం కూతురి తల మీద చేయి వేశాడు. "అయితె ఎల్లుండి మంచిరోజు. మీ అమ్మను తీస్కొని చిలుకమ్మ ఇంటికి పోయొస్త" అన్నాడు.